ఉప్పు లేని ఒడ్డు

దేవరకొండల ఎక్కిన ఆటో
నేరెడుగొమ్ము దాటినంక కూడా రాళ్లే చూపించింది.
ఎర్రటి గుట్టలు, బలుసు పొదలు,
ఒక మేక, దాని నీడ.
ఒళ్లో పోలియో చుక్కల డబ్బా,
లోపల మంచుగడ్డలు అటుకిటు కొట్టుకుంటున్న చప్పుడు.
ఇంకెంత దూరం అంటే
జానయ్య ముక్కు ఎగబీల్చి
"వాసనొస్తలేదా మేడం? వచ్చినమన్నట్టే" అన్నడు.

మలుపు తిరిగితే నేల అయిపోయింది.

నేను మర్రిగూడ దిక్కు పిల్లను.
మా దగ్గర నీళ్లంటే
ఏడొందల ఫీట్ల కింద దుమ్ము కక్కిన బోరు,
ట్యాంకర్ ఎనుక బిందెల పరుగు,
మా మేనత్త వంగిన మోకాళ్లు,
బడిల మా అందరి పండ్ల మీద పసుపు గీత.
అందుకే మొదటిసారి చూసినప్పుడు
అందం గిందం ఏం తోచలే.
ఇన్ని నీళ్లు ఇక్కడ ఊకెనే కూసున్నయా అని
కోపమొచ్చింది.

తర్వాత కండ్లు మెల్లగ పని మొదలుపెట్టినయ్.
గుడిసెల మీద నీలం పట్టాలు, పట్టాల మీద రాళ్లు.
తాబేళ్ల లెక్క బోర్లించిన పుట్టీలు.
తాడు మీద ఎండు చేపలు,
అదే తాడుకు బడి పిలగాని తెల్ల అంగీ.
వల అల్లే మొగోళ్ల కాలి బొటనవేలు
మూడో చెయ్యి లెక్క దారం పట్టుకుంటది.
గోడ మీద సున్నంతో ఊరి పేరు:
వైజాగ్ కాలనీ.
నల్లగొండ మ్యాపుల
సముద్రం చిరునామా ఎవరో తప్పు రాసినట్టు.

మైలపల్లి పోలమ్మ మనవరాలు
చుక్కలు వేస్తుంటే నా వేలు కొరికింది.
"సేప పిల్ల గదమ్మా, కొరక్కేటి సేస్తాది"
ముసలామె నవ్వింది.
ఆమె మాట నాకు సగమే అర్థమైంది,
నా మాట ఆమెకు సగం.
మిగిలింది చాయ్‌ల కలుపుకొని తాగినం.

"సముద్రం సూసినావేటమ్మా?"
లేదన్న.
"నానూ మర్సిపోనాను. డేమ్ కడతన్నపుడు
మా అయ్య బుజమ్మీద వొచ్చాను.
ఈ నీరు మంచిదే. కూడెట్టింది.
కానీ రాత్రేల మాటాడదు.
మాయమ్మకి నిద్రట్టీది కాదు,
సెవి మీద సెయ్యెట్టుకుని తొంగునీది."
అరచెయ్యి దొన్నె చేసి నా చెవి మూసింది.
పొలుసులంటిన చెయ్యి, గరుకుగ, చల్లగ.
లోపల ఏదో హోరు.
నా నెత్తురో, ఆమె ఊరో.

పొద్దు గూకక ముందే అవతలి దిబ్బకు పోవాలె,
ఇద్దరు పిల్లలు మిగిలిన్రు.
నూకరాజు తెడ్డు వేస్తే
పుట్టి ముందుకు పోదు, గిరగిర తిరుగుతది,
గుట్టలన్నీ నా చుట్టూ ఒక రౌండు వచ్చినయ్,
నేను డబ్బాను కరుసుకొని కూసున్న.
"ఎంత లోతుంటది?"
"వల సాలదండి. ఎండల్లో నీరు తగ్గితే
అప్పుడప్పుడు గోడకి తగులుకుంటాది."
"గోడేంది?"
"ఏమోనండి. ఎవలిదో ఇల్లు."

మా నాయనమ్మ పుట్టిన ఊరు ముంపుల పోయింది.
పుట్టినిల్లు ఏ దిక్కని ఎవరడిగినా
ఆమె చెయ్యెత్తి చూపించకపోయేది,
గిన్నెలోని నీళ్ల దిక్కు చూసేది.
అప్పుడు మతి తప్పిందనుకున్నం.

వంగి వేళ్లు ముంచి నాలుకకు రాసుకున్న.
ఉప్పు లేదు.
నూకరాజు చూసి చూడనట్టు తెడ్డు మార్చుకున్నడు.

రిజిస్టర్ల రాసిన: పిల్లలు పదకొండు,
చుక్కలు పడ్డోళ్లు పదకొండు,
వేలు కొరికినోళ్లకు కాలం లేదు.
పోలమ్మ పేపర్ల చుట్టిచ్చిన ఎండు చేపలు
చుక్కల డబ్బా పక్కన పెట్టుకొని ఆటో ఎక్కిన.
"ఎన్నిసార్లు కడిగినా రెండు రోజులు పోదు మేడం
ఈ వాసన" అన్నడు జానయ్య.
ఉండనియ్, అన్న.